తేల్ అనకూడని షెడ్డు

మొన్న పొద్దున్న నయా రాయపూర్ వెళ్ళే దారిలో కొత్తగా కట్టిన పెట్రోలు బంకు దగ్గర ఆగి, చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని, టూటీ ఆయిల్ ఉందా అని అడిగాను. పెట్రోలు పోసే అమ్మాయి నన్ను పైనుంచి కిందదాకా చూసి, అదేం నూనె ఆంటీ, వంటకా అంది. ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు లెండి, ఆమెకు ఊహ తెలిసేసరికే స్కూటర్లన్నీ పాత ఇనుప కొట్లకు చేరిపోయి ఉంటాయి, ఆమె తప్పేముంది. ఇంతదూరం ఎండలో వచ్చి ఆ మాట అడిగిన నా మీద నాకే మండింది.

మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. బంకులో పెట్రోలు పంపు పక్కనే ఆ నూనెకు వేరే ఒక చిన్న పంపు ఉండేది, పిడి కొడితే గాజుగొట్టంలోకి నూనె ఎక్కి, అక్కడినుంచి స్కూటర్ ట్యాంకులోకి జారేది, అదీ ఇదీ కలవడానికి మగవాళ్ళు బండిని అటూ ఇటూ ఊపేవారు, వెనక సీటు మీదున్న మనం పిల్లను చంకనేసుకుని దిగి పక్కన నిలబడేవాళ్ళం. వీధిలో ఎవరి బండి వెళ్ళినా వెనక నీలంగా పొగ, ముక్కుకు ఆ తియ్యటి మాడు వాసన. ఆ పొగ మంచిది కాదని ఇప్పుడు చదువుకున్నవాళ్ళందరూ అంటారు, నిజమే అయి ఉంటుంది. కానీ నా మెడలో ఈ పుస్తెలు ఇంకా ఉన్నాయంటే ఆ పొగ పుణ్యమే. ఆ సంగతే చెబుదామని కూర్చున్నాను.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజుల్లో మేము రాయపూర్ వచ్చాము. అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో మా ఆయన పనిచేసే మిల్లు మూతపడింది. మావగారు రాయపూర్లోనే రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరై, తెలుగువాళ్ళ బస్తీలో చిన్న ఇల్లు కట్టుకుని, ఊరికే కూర్చోలేక ఉర్లా వైపు ఫ్యాక్టరీల మధ్య ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని పంపుసెట్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసేవారు. మేమిద్దరం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి అందులో చేరాము. సరిగ్గా అప్పుడే రోడ్లు వెడల్పు చేయడం, కొత్త రాజధానికి నేల చదును చేయడం మొదలైంది, ఎక్కడ చూసినా చెట్లు కొట్టే పనే, దాంతో పెట్రోలుతో నడిచే చైను రంపాలు వారానికొకటి చొప్పున మా షెడ్డుకు రాసాగాయి. మేము కూడా రెండు కొనుక్కున్నాము, పెద్దదొకటి, చిన్నదొకటి. మా ఆయనా, మావగారి దగ్గరే ఉంటున్న మరిదీ బయటికి వెళ్ళి చెట్లు కోసేవారు, నేను షెడ్డులో కూర్చునేదాన్ని.

అప్పటికి నాకు హిందీ ముక్క రాదు. వచ్చిన కొత్తలో పక్క షెడ్డు వెల్డింగ్ భయ్యా, ఇక్కడివాడే, మంచి మనిషి, గుమ్మంలో నిలబడి మా వైపు వేలు చూపిస్తూ "తేల్ హై కా భౌజీ?" అన్నాడు. తేలు అనే మాట ఒక్కటే నాకు తెలిసింది. కాళ్ళు రెండూ పైకెత్తి బల్లెక్కేశాను. మా మరిది నవ్వి నవ్వి కింద పడ్డాడు. తేల్ అంటే నూనె, తేలు కాదు, నూనె ఉందా వదినా అని అడుగుతున్నాడు అని వాడు చెప్పేదాకా నేను దిగలేదు, ఆ తర్వాత ఏడాదిపాటు నన్ను చూసినప్పుడల్లా భయ్యా చెయ్యి తేలు కొండిలా వంచి ఆటపట్టించేవాడు.

నవ్వని మనిషి మావగారు ఒక్కరే. ఆయన ఆ మాటలో ఇంకో తేలును చూశారు. ఇక్కడివాళ్ళు నూనెనూ తేల్ అంటారు, పెట్రోలునూ తేల్ అంటారు, డీజిలునూ తేల్ అంటారు, బండి ఆగిపోతే తేల్ అయిపోయిందంటారు, తలకూ తేలే, పకోడీకీ తేలే. చైను రంపంలో మాత్రం పోసేవి మూడు, మూడూ వేరు వేరు. పెట్రోలొకటి, ఆ పెట్రోల్లో కలపాల్సిన టూటీ నూనె ఒకటి, చైను రాపిడికి ఎండిపోకుండా వేరే ట్యాంకులో పోసే జిడ్డు నూనె ఒకటి. ఈ మిషనుకు కారులోలాగా ఇంజన్ ఆయిల్ విడిగా ఉండదు, పెట్రోల్లో కలిపిన ఆ కాస్త నూనే లోపల పిస్టనును తడుపుతూ కాలుతూ పొగై బయటికొస్తుంది. అది కలపకుండా వట్టి పెట్రోలు పోస్తే మిషను తిరగదని కాదు, బ్రహ్మాండంగా తిరుగుతుంది, తిరిగి తిరిగి, కాగి, ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఇక దాన్ని స్టార్టు చేసే తాడు పట్టుకుని పది మంది లాగినా కదలదు. అందుకని మావగారు షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టారు, తేల్ అనే మాట ఈ రేకుల కింద ఎవరి నోటా రాకూడదు. పెట్రోలంటే పెట్రోలు, నూనంటే టూటీ, జిడ్డంటే చైనుకు పోసేది. తెల్లడబ్బాలో వట్టి పెట్రోలు, అది ఫిల్టర్లూ ప్లగ్గులూ కడగడానికి మాత్రమే. నీలం డబ్బాలో నూనె కలిపిన పెట్రోలు, మిషన్లకు అదే. ఎవరైనా పొరపాటున తేల్ అంటే ఆయన వినపడనట్టు కూర్చునేవారు, గిరాకీ పోయినా సరే.

పనులన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సాయంత్రం రంపం పనిలోంచి రాగానే ట్యాంకు ఖాళీ చేసి, మూత విప్పి, లోపల పేరుకున్న రంపపుపొట్టు బ్రష్షుతో దులిపి, గాలి ఫిల్టరును కడిగి ఆరబెట్టి, చైను తిరిగే ఆ పొడుగాటి పట్టీని విప్పి దాని గాడిలో చిక్కుకున్న మట్టిని సన్నటి రేకుతో గీకి, ఒక పక్కే అరిగిపోకుండా తిరగేసి బిగించాలి. ఆ తర్వాత చైను పళ్ళు. అది నా వంతు. చిన్నప్పటినుంచి కత్తిపీటలు నూరిన చెయ్యి, గుండ్రటి సన్న ఆకురాయి పట్టుకుని ఒక్కో పన్నుకూ ఒకే వాలులో, ఒకే బలంతో, ముందుకు తోసినప్పుడే రాస్తూ వెనక్కి లాగేటప్పుడు ఎత్తేస్తూ పోతే, మర్నాడు రంపం తనంతట తనే చెట్టులోకి దిగేది. ఒక వైపు పళ్ళు ఎక్కువ రాసి రెండో వైపు తక్కువ రాశామంటే కోత వంకరపోయి పక్కకు లాగుతుంది. మా ఆయన నన్ను పొగిడిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు గాని, పన్ను విషయంలో మాత్రం ఊరందరికీ చెప్పేవారు. ఈ చాకిరీ అంతా రోజూ ఎందుకు మావయ్యా, వారానికోసారి చాలదా అని నేను విసుక్కుంటే, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకమ్మా అనేవారాయన. ఆ మాట విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి.

ఆ రోజు వేసవి. పిల్లలిద్దరూ సెలవులకు తిల్దా ఊళ్ళో మేనత్తింటికి వెళ్ళారు. పెద్ద రంపం కార్బురేటర్లో ఏదో అడ్డుపడిందని పొద్దున్నే మా ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి బల్లమీద పరిచి, అన్నానికి ఇంటికి వెళ్ళారు. మావగారు ఆ పూట ఇంట్లోనే ఉన్నారు. షెడ్డులో నేనూ మరిదీ. మధ్యాహ్నం దాటాక పడమటివైపు ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది, చూస్తూండగానే గాలి లేచింది. ఈ ప్రాంతంలో ఆ గాలితో ముందు వచ్చేది వాన కాదు, దుమ్మే. రేకులు టపటపా కొట్టుకుంటుంటే మేము మిషన్ల మీద గోనెలు కప్పి ఒక మూల కూర్చున్నాము. గాలి నెమ్మదించి నాలుగు చినుకులు పడుతుండగా బస్తీవాడొకడు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. మా ఇంటి ముందు దిరిసెన చెట్టు పడిపోయిందనీ, మా ఆయన దాని కింద ఉన్నారనీ చెప్పాడు.

ఉన్నారంటే ఎలా ఉన్నారని అడగాల్సింది నేను. మా మరిది అడిగాడు. మాట్లాడుతున్నాడు, కాలు ఇరుక్కుపోయింది అన్నాడు ఆ వచ్చినవాడు.

తర్వాత తెలిసింది ఏం జరిగిందో. వాకిట్లో నులకమంచం మీద మా అత్తగారు గుమ్మడి వడియాలు ఎండబెట్టారు. గాలి లేవగానే, వడియాలు పోతాయిరా నాయనా మంచం లోపలికి లాగు అని కొడుకును పంపారు. ఆయన మంచం కోడు పట్టుకుని లాగుతూండగా చెట్టు వేళ్ళతో సహా ఒరిగి, ప్రహరీగోడ మీదికి వాలి, అక్కడినుంచి మంచం మీదికి వచ్చింది. మంచం చట్రం విరిగినా పూర్తిగా నలగలేదు, అందువల్ల మనిషి పట్టేంత సందు మిగిలింది. మోకాలికి దిగువన కాలి మీద మాత్రం మాను పడింది. మానుకు ఆధారం ఆ గోడ ఒక్కటే, ఆ గోడ మట్టితో కట్టిన పాత గోడ, పైన చినుకులు.

మరిది తాళ్ళు, గొలుసు తీసుకోవడానికి వెనక్కి పరుగెత్తాడు. నేను ఆకురాయి, పానాలు, ప్లగ్గు సంచిలో పడేసుకున్నాను. భయ్యా అప్పటికే తన లోడింగ్ ఆటో తిప్పి పెట్టాడు. మరిది లోపలినుంచే అతన్ని కేకేశాడు. "భయ్యా, ఛోటేవాలే మే తేల్ డాల్ దో, జల్దీ!" చిన్నదాంట్లో తేల్ పొయ్యి, తొందరగా అని.

ఆ మాట నేను విన్నాను. విన్నానే గాని, చెవికి పట్టలేదు.

ఆ దారి ఎలా దాటామో దేవుడికే తెలియాలి. రోడ్డు పొడుగునా కొమ్మలు, తెగిన కరెంటు తీగలు, తిరగబడ్డ బడ్డీలు. ఫోన్లు పనిచేయడంలేదు, ఫైరింజన్‌కు కబురు వెళ్ళినా అది ఎన్ని చెట్లు దాటుకుని రావాలి! భయ్యా ఆటోను కాలవగట్టు మీదుగా, ఎవరో ఇంటి పెరట్లోంచి కూడా నడిపాడు. నేను రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

వాకిట్లో బస్తీ అంతా ఉంది. మగవాళ్ళు మానును ఎత్తి చూశారట, కదల్లేదట. ఎవరో గొడ్డలి తెచ్చి ఒక్క దెబ్బ వేసేసరికి గోడలోంచి ఇటుకలు రాలి మాను ఇంకాస్త దిగిందట, మావగారు గొడ్డలి లాక్కుని అవతల పారేశారు. నేను వెళ్ళేసరికి ఆయన కొమ్మల్లోకి దూరి, కొడుకు తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. మా అత్తగారు నేలమీద పడి వడియాలను తిట్టుకుంటున్నారు, దేవుణ్ణి తిట్టుకుంటున్నారు, తనను తాను తిట్టుకుంటున్నారు. మా ఆయన మొహం నాకు కనబడలేదు, ఆకుల్లోంచి ఒక చెయ్యి మాత్రం కనబడింది. ఆ చెయ్యి నా వైపు ఊగింది.

గోడకు ఇవతల, ఆయన కాలికి కాస్త ఎగువన, మానును అడ్డంగా కోయగలిగితే మీది బరువు తెగి పక్కకు పడిపోతుంది, మిగిలిన ముక్కను ఆటో జాకీతో ఎత్తొచ్చు. మావగారు వేలితో గీసి చూపించారు. మరిది తాడు లాగాడు, మిషను అంటుకుంది, పొట్టు ఎగిరింది. జనం అమ్మయ్య అన్నారు. నేనూ అన్నాను.

మొదట కాస్త పొగ వచ్చినట్టే అనిపించింది, పాత నూనె తడి లోపల ఉంటుంది కదా. ఆ తర్వాత నాకేదో వెలితిగా అనిపించసాగింది. ఇంట్లో అన్నం మాడుతుంటే ఏ గదిలో ఉన్నా తెలుస్తుందే, అలాగ, ఇక్కడ రావలసిన వాసన రావడంలేదు. గాలికి పోతోందేమో అనుకున్నాను. గాలి లేదు, ఆకు కదలడంలేదు. మిషను వెనక చూశాను. పొగ లేదు. మిషను గొంతు మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా, సన్నగా పైకి పోతోంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువంటారు చూడండి. షెడ్డులో విన్న ఆ మాట అప్పుడు నా చెవికి పట్టింది, తేల్ డాల్ దో.

రంపం నడిపేవాణ్ణి వెనకనుంచి ముట్టుకోకూడదు. చుట్టూ తిరిగి మరిది కళ్ళకెదురుగా వెళ్ళి రెండు చేతులూ అడ్డంగా ఊపాను. వాడు బిత్తరపోయి మిషను ఆపి, పట్టీని కోతలోంచి బయటికి తీశాడు. "ఏటి వదినా, ఏటైనాది?"

నేను భయ్యా వైపు తిరిగి అడిగాను, ఏ డబ్బాలోది పోశావని. "తేల్ డార్ దేంవ్ భౌజీ, సఫేద్ డబ్బా లే" అన్నాడు, పోశానమ్మా, తెల్లడబ్బాలోంచి అని, చెప్పిన పని చేసిన మనిషి ధీమాతో. అతన్నేమనగలం? తేల్ అంటే అతనికి పెట్రోలు, పెట్రోలు ఎక్కడుందో అతనికి తెలుసు, అక్కడినుంచి పోశాడు. మరిదినేమనగలం? అన్న చెట్టుకింద ఉంటే నోటికి వచ్చిన మాట అన్నాడు. మావగారు ఇన్నేళ్ళూ ఏ మాటను గుమ్మం బయట కాపలా కాసి ఆపారో, అది ఆ ఒక్క పూటా లోపలికి వచ్చి కుట్టేసింది.

మాను పావువంతు కూడా తెగలేదు. మరిది రంపం కోసం చెయ్యి చాపాడు, ఇంక కొంచెమే వదినా, లాగించేస్తాను, మిషను పోతే పోనీ అన్నాడు. నేనివ్వలేదు. మిషను పోతే పోనీ అని నాకూ ఉంది, అటువంటివి వంద పోనీ. కానీ అది పట్టేసేది సగం కోతలో, పట్టీ చెట్టులో ఇరుక్కుని. అప్పుడు మాను సగం తెగి ఉంటుంది, బరువు మారిపోయి ఉంటుంది, పెద్ద రంపం ఉర్లాలో బల్లమీద ముక్కలై ఉంది. ఇదంతా నేను అక్కడ ఇంత వివరంగా చెప్పలేదు. రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని నేలమీద చతికిలబడి, టూటీ నూనె తెండి, ఎవరి స్కూటర్లోనైనా ఉంటుంది, తెండి అని అరిచాను.

గోడలోంచి రెండు ఇటుకలు జారాయి. మాను మూలిగింది. లోపలినుంచి మా ఆయన అబ్బా అన్నారు.

మా అత్తగారు లేచి నా మీదికి వచ్చేశారు. "ఓసి నీ మొహం మండా! మొగుడక్కడ సచ్చిపోతుంటే మిసను ఆపీసి ఒల్లో ఎట్టుకుంటావేటే! నీకు పిచ్చెక్కినాదేటే! ఇచ్చీ, ఆడికిచ్చీ!" అని నా జుట్టు పట్టుకున్నారు. జనంలో కూడా గొణుగుడు మొదలైంది, ఆడదానికేం తెలుసని ఒకరు, లాక్కోండయ్యా అని ఒకరు. నేను రంపం మీద వంగి రెండు చేతులతో కావిలించుకున్నాను, ఎవరైనా నిజంగా లాక్కుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. నాకు కూడా లోపల ఎక్కడో పురుగు తొలుస్తూనే ఉంది, పొగ నిజంగానే రాలేదా, నా భ్రమా, ఒకవేళ భ్రమైతే ఈయన ప్రాణం నేనే తీస్తున్నానా అని.

అప్పుడు ఆకుల్లోంచి మా ఆయన గొంతు వచ్చింది, నీరసంగానే, కానీ షెడ్డులో పని అడిగినట్టు. "ఏటే, పొగ రాలేదేటి?"

"రాలేదండీ" అన్నాను.

"నానూ అదే అనుకుంతన్నాను. వాసన్రాలేదు. అయితే ఆపీ. నూనె పోసే ఎట్టండి." తర్వాత, "అమ్మా, దాని జుట్టొగ్గీ" అన్నారు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళనీళ్ళు ఆగవు. కాలు నుజ్జవుతున్న మనిషి, మాను మీదికి దిగుతున్న మనిషి, నా మాట నమ్మి ఆపమన్నాడు. పెళ్ళినాడు ప్రమాణాలు చేయిస్తారు గాని, అవి ఎవరికి గుర్తుంటాయండీ! నాకు ఇదొక్కటి గుర్తుంది.

మగవాళ్ళు డిక్కీల మీద పడ్డారు. ఒక బండిలో సీసా ఉంది, నూనె లేదు. ఇంకోదాని తాళం చెవి దొరకలేదు. చివరికి వెనకవీధి స్కూలు మాస్టారు లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చారు, చేతిలో పాతగుడ్డ చుట్టిన సీసా, అడుగున నాలుగు వేళ్ళ మందం ఎర్రటి నూనె. కొలత గిన్నె లేదు. నూనె ఎక్కువైతే పొగ, తక్కువైతే చావు అని మావగారు అనేవారు, అందుకని ట్యాంకులో మిగిలిన పెట్రోల్లోకి ధారాళంగానే వంచి, మూత బిగించి, రంపాన్ని అటూ ఇటూ ఊపాను, బంకులో స్కూటర్లు ఊపినట్టు. స్విచ్చి కట్టేసి తాడును మెల్లగా లాగాను, మళ్ళీ లాగాను, ఆ నూనె లోపలికి ఎక్కాలి. మిషను చెయ్యి పెట్టలేనంత కాగి ఉంది. కాస్త చల్లారనివ్వకుండా అంటిస్తే చేసిందంతా దండగ.

ఆ కాస్సేపు నా జీవితంలో ఎప్పటికీ గడవలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెత్తుతుందని చైను చూశాను. వేడికి సాగి వదులైంది, పానాతో బిగించాను, వేలితో లాగి వదిలి చూశాను. పళ్ళు చూశాను. ఒక వైపు పళ్ళు మొద్దుబారాయి, మా అత్తగారు బట్టల తీగ కోసం ఎప్పుడో ఆ చెట్టుకు కొట్టిన మేకు తగిలినట్టుంది. ఆకురాయి తీశాను. ముందుకు తొయ్యి, ఎత్తు, ముందుకు తొయ్యి, ఎత్తు. ఇటుక రాలిన చప్పుడు. చెయ్యి వణకకూడదు, వణికితే వాలు పోతుంది, వాలు పోతే కోత పక్కకు లాగి ఆయన వైపు వెళుతుంది. మా అత్తగారు నా జుట్టు వదిలేసి నా పక్కనే కూలబడి, ఒక్కో పన్నుకూ రామ రామ అంటున్నారు. మావగారు కొమ్మల్లోంచి బయటికి రాలేదు. ఆయన పెట్టిన కట్టుబాటు తప్పిందని ఆయనకు తెలిసింది, అయినా ఆ పూట గాని ఆ తర్వాత గాని ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు.

మరిది తాడు లాగాడు. అంటుకోలేదు. మళ్ళీ లాగాడు. దగ్గి ఆగిపోయింది. వాడు నా వైపు చూశాడు, నేను చోకు తీసెయ్యమని సైగ చేశాను. ఈసారి లాగేసరికి భళ్ళుమని లేచింది, వెనకనుంచి నీలం పొగ, ఇంతింత, నూనె ఎక్కువ పోశానేమో వాకిలంతా కమ్మేసింది. కొమ్మల కింద మా ఆయనకు దగ్గు తెర వచ్చింది. అంత తియ్యటి దగ్గు నేనెన్నడూ వినలేదు. "వచ్చీసినాదే, వచ్చీసినాది!" అని దగ్గుతూనే అరిచారు.

రంపం వెన్నలో దిగినట్టు దిగింది. మీది భాగం తెగి అవతలికి దొర్లింది, భయ్యా జాకీ పెట్టి రెండో ముక్క ఎత్తాడు, మావగారూ మాస్టారూ మనిషిని బయటికి లాగారు. ఆయన్ని ఆటోలో పడుకోబెట్టి తలుపు వేస్తూండగా గోడ దడదడమని కూలింది, మంచం మీద, ఆయన తల ఉన్నచోటే. అప్పటిదాకా ఏడవని మా మరిది ఆ ఇటుకలకేసి చూస్తూ రోడ్డుమీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

కాలు అతికింది గాని కుంటు మిగిలింది. మా అత్తగారు నన్ను క్షమించమని అడగలేదు, ఆ అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన ఆసుపత్రినుంచి వచ్చిన వారానికి, ఎన్నడూ షెడ్డు గుమ్మం తొక్కని ఆవిడ, ఆటోలో దిగి, తన పాత ఎర్రచీర పీలిక చింపి నీలం డబ్బా మెడకు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి వెళ్ళిపోయారు. భయ్యా ఆ పీలిక చూసినప్పుడల్లా తప్పైపోయిందన్నట్టు చెవులు పట్టుకునేవాడు. మావగారు అతన్ని కూర్చోబెట్టి, తేల్ కాదు నాయనా, నూనె, నూ-నె అని నేర్పించారు. ఆ రోజునుంచి ఆ మనిషి మా గుమ్మంలో తేల్ అనే మాట ఎత్తలేదు. తన భార్యతో ఏమంటాడో తెలియదు గాని మా దగ్గర తలనూనె సీసాకు కూడా నూనే.

మావగారు పోయారు, అత్తగారూ పోయారు. షెడ్డు ఇప్పుడు మరిది కొడుకుది, అద్దాల తలుపులు పెట్టి బ్యాటరీ రంపాలు అమ్ముతున్నాడు. బొత్తాం నొక్కితే కోస్తాయి, పొగ లేదు, వాసన లేదు, డబ్బాలు లేవు. మంచి మిషన్లే, కాదనను. మా ఆయన మాత్రం ఆ చిన్న రంపాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. కోయడానికి కాదు, ఊరికే ఉంటే లోపల బంక పడుతుందని నెలకోసారి వరండాలో కూర్చుని దాన్ని దులిపి, తుడిచి, కాసేపు నడిపిస్తారు. ఇన్నేళ్ళు రంపాల చప్పుడులో చెవులు మందగించాయి, కళ్ళలో పొరలు వచ్చాయి, అందుకని నేను పక్కన ఉండాలి. మొన్న నూనె అయిపోయింది. వట్టి పెట్రోలు పోసే, ఒక్క నిమిషమే కదేటి అన్నారాయన. ఇంతెత్తున లేచాను. అందుకే ఆ బంకుకు వెళ్ళింది.

ఉత్త డబ్బాతో తిరిగొచ్చి తిట్టుకుంటూ కూర్చుంటే, సాయంత్రం భయ్యా వచ్చాడు. ముసలివాడైపోయాడు, గేటు పట్టుకుని ఎక్కాడు. ఎవరు చెప్పారో, ఎక్కడ వెతికాడో, ఏదో పాత స్పేర్‌పార్టుల కొట్లో దొరికిందట, గుడ్డలో చుట్టిన సీసా నా చేతిలో పెట్టి, "భౌజీ, నూనె" అన్నాడు. అక్కడే ఫోను చూసుకుంటున్న మా మనవరాలు కిసుక్కున నవ్వి నా చెవిలో అడిగింది. "నానమ్మా, ఈ తాతకి తేల్ అనడం రాదా?"

మా ఇంట్లో పుట్టిన పిల్ల అడిగింది. దానికి తలకు తేలే, కూరకు తేలే, బండికి తేలే. నూనంటే ఏమిటో అర్థమవుతుంది గాని నోట రాదు. ఎవరో పరాయివాడు మా మాటను జాగ్రత్తగా దాచిపెట్టుకుని సీసాతో సహా తెచ్చి ఇస్తే, అది వింతగా చూస్తోంది. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, ఎవర్ని అనను? రాదమ్మా, ఆ తాతకు అది రాదు అన్నాను.

నూనె కలిపాను. మా ఆయన తాడు లాగారు. కోడలు లోపలినుంచి కిటికీలు మూసేసింది. ఆయన మిషను చప్పుడు లోంచి, నేనెక్కడున్నానో వెతుక్కుంటూ, ఎప్పటిలాగే అడిగారు, పొగొచ్చినాదేటే అని. వచ్చిందండీ అని చెవి దగ్గర అరిచి చెప్పి, ఆ పొగలోనే కాసేపు కూర్చున్నాను. ఇంకొన్నాళ్ళకు ఈ మాట అడిగేవాళ్ళూ ఉండరు, చెప్పేవాళ్ళూ ఉండరు.